ఉగ్రవాదానికి పేరు పెట్టడం: ప్రభుత్వాల భాష, ఇస్లాం, మన సంఘం

ప్రవేశిక

ఉగ్రవాదాన్ని గూర్చి మాట్లాడేటప్పుడు ప్రభుత్వాలు ఇస్లాం పేరును ఎలా వాడాయి, ఎప్పుడు వాడకుండా మానుకున్నాయి, ఆ మార్పులకు కారణాలేమిటి అనే విషయాన్ని ఈ వ్యాసంలో పరిశీలించదలచాము. ఇది రాజనీతిశాస్త్రానికి చెందిన విషయం కదా, వేదశాస్త్ర పత్రికలో దీనికి చోటెందుకని పాఠకులు అడుగవచ్చు. ఒక హింసాకృత్యానికి ఒక మతం పేరు తగిలించే ప్రభుత్వం ఆ మతం ఏమిటో నిర్వచిస్తున్నది. "అది అసలు ఆ మతమే కాదు" అని ప్రకటించే ప్రభుత్వం కూడా అదే పని చేస్తున్నది. రెండూ వేదశాస్త్రం పరిధిలోకి వచ్చే పనులే. మంత్రులకుగాని, పోలీసు అధికారులకుగాని ఆ అర్హత ఎవరిచ్చారన్నది మా ప్రశ్న. ఇంకొక కారణం కూడా ఉంది. 2001 తరువాత ఈ చరిత్రలో దొర్లిన మొదటి తప్పు మాట మన సంఘ చరిత్ర నుండి వెళ్ళినదే.

క్రూసేడ్ అనే మాట

2001 సెప్టెంబరు 11న అమెరికాపై జరిగిన దాడుల్లో దాదాపు 3,000 మంది మరణించారు. 14వ తేదీన వాషింగ్టన్ నేషనల్ కెథడ్రల్‌లో జరిగిన జాతీయ ప్రార్థన కూడికలో బిల్లీ గ్రాహం ప్రసంగించారు. రెండు రోజుల తరువాత, 16వ తేదీ ఆదివారం నాడు, శ్వేతసౌధం ఆవరణలో విలేఖరుల ప్రశ్నలకు జవాబిస్తూ అధ్యక్షుడు జార్జి బుష్ ఉగ్రవాదంపై చేయబోయే యుద్ధాన్ని "ఈ క్రూసేడ్" అన్నాడు. అది ముందుగా రాసుకొని చదివిన ప్రసంగం కాదు. నోటికి వచ్చిన మాట. అందుకే అది మరింత గమనించదగినది, ఎందుకంటే ఆలోచించకుండా వచ్చే మాటలోనే మనిషి పెరిగిన సంఘం వినబడుతుంది.

అమెరికా ప్రొటెస్టంటు చెవికి ఆ మాటలో రక్తం వాసన లేదు. ఐసెన్‌హోవర్ 1948లో రెండవ ప్రపంచ యుద్ధాన్ని గూర్చి రాసిన పుస్తకానికి యూరపులో క్రూసేడ్ అనే అర్థం వచ్చే పేరే పెట్టుకున్నాడు. బిల్లీ గ్రాహం సువార్త కూడికలకు దశాబ్దాల పాటు అదే పేరు. మన ప్రాంతంలో మాత్రం తక్కువా? పట్టణాల గోడల మీద సున్నం కొట్టి, ఎర్రరంగుతో "సువార్త క్రూసేడ్" అని రాయించిన ప్రకటనలు చూడని తెలుగు క్రైస్తవుడు ఉండడు. మనకు ఆ మాట వినగానే గుర్తుకు వచ్చేవి మైదానం, షామియానా, మైకు, పాటలు, స్వస్థత ప్రార్థనలు. అదే మాటను మన పిల్లలు బడిలో చరిత్ర పాఠంలో "మత యుద్ధాలు" అని చదువుకుంటారు. ఈ రెండూ ఒకే మాటని చాలామందికి తట్టదు.

అరబీలోకి వెళ్ళేసరికి ఈ వెసులుబాటు ఉండదు. అరబీలో సిలువను "సలీబ్" అంటారు. క్రూసేడ్ అనే మాటను ఆ భాషలో "సిలువ దండయాత్ర" అనే చెప్పవలసి వస్తుంది. బుష్ మాట ఆ రోజే ఆ రూపంలో అరబ్బు దేశాలకు చేరింది. అంతకు మూడున్నర సంవత్సరాల ముందు, 1998 ఫిబ్రవరిలో, బిన్ లాదెన్ తన అనుచరులతో కలిసి చేసిన ప్రకటనలో "యూదులపైన, క్రూసేడర్లపైన జిహాద్" అనే మాటలు ఉన్నాయి. ఇది సిలువకూ ఇస్లాంకూ మధ్య యుద్ధమని నమ్మించాలన్నది అతని ప్రయత్నం. అమెరికా అధ్యక్షుడు తెలియకుండానే ఆ ప్రయత్నానికి ఒక మాట సాయం చేశాడు.

ఇక్కడ సంఘ చరిత్ర విద్యార్థులు కొంచెం ఆగి చూడవలసిన సంగతి ఒకటున్నది. 1095 నవంబరులో క్లెర్మోంట్ సభలో పోపు రెండవ అర్బన్ పిలుపునిచ్చినప్పుడు బయలుదేరినవారు తమను యాత్రికులమని చెప్పుకున్నారు. బట్టల మీద కుట్టుకున్న సిలువ గుర్తు నుండి క్రూసేడ్ అనే పేరు తరువాతి కాలంలో స్థిరపడింది. 1099 జూలైలో ఈ యాత్రికులు యెరూషలేమును పట్టుకొని ఆ పట్టణంలోని ముస్లింలను, యూదులను వధించారు. ఆ వధను, ఆ తరువాత రెండు వందల యేండ్ల యుద్ధాలను రాసిన అరబ్బు చరిత్రకారులు వారిని ఏమని పిలిచారు? ఇబ్నుల్ అథీర్ గాని, ఉసామా ఇబ్న్ మున్ఖిద్ గాని సాధారణంగా వాడిన పేరు "ఇఫ్రంజ్", అంటే ఫ్రాంకులు. అవిశ్వాసులని తిట్టిన చోట్లు లేకపోలేదు. అయినా వారు స్థిరంగా వాడిన పేరు వచ్చినవారి జాతిని బట్టి పెట్టినదే గాని మతాన్ని బట్టి పెట్టినది కాదు. వారి పక్కనే తరతరాలుగా బ్రతుకుతున్న సిరియా, ఐగుప్తు క్రైస్తవులు వేరు, ఈ ఫ్రాంకులు వేరు అనే ఎరుక ఆ పేరులో ఉన్నది. "సిలువ యుద్ధాలు" అనే మాట అరబీలో వ్యాప్తిలోకి వచ్చింది 19వ శతాబ్దంలో, యూరపువారి చరిత్ర పుస్తకాల ప్రభావంతో.

వాషింగ్టన్ తన తప్పును త్వరగానే గుర్తించింది. సెప్టెంబరు 17న బుష్ వాషింగ్టన్‌లోని ఇస్లామిక్ సెంటరుకు వెళ్ళి ఇస్లాం శాంతి మతమని చెప్పాడు. మరునాడు అతని ప్రతినిధి క్రూసేడ్ మాట విషయంలో విచారం వెలిబుచ్చాడు. అఫ్గానిస్తాన్ సైనిక చర్యకు మొదట "అనంత న్యాయం" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. అనంతమైన న్యాయం దేవునికే చెల్లుతుందని ముస్లిం పండితులు అభ్యంతరం చెప్పగా సెప్టెంబరు 25న దానిని మార్చి "శాశ్వత స్వేచ్ఛ" అన్నారు. ఆ అభ్యంతరం ముస్లింలది మాత్రమే కావడం మాకు ఆశ్చర్యం. అది ఏ క్రైస్తవ ప్రసంగ వేదిక నుండి అయినా రావలసిన అభ్యంతరం. ఇంతా జరిగిన తరువాత 2002 ఫిబ్రవరిలో అలాస్కాలో సైనికుల ముందు బుష్ నోట మళ్ళీ అదే క్రూసేడ్ మాట వచ్చింది. అలవాటైన మాట అంత తేలికగా వదలదు.

క్రైస్తవ సంస్థలు కూడా నెమ్మదిగానే కదిలాయి. ఇల్లినాయిలోని వీటన్ కాలేజి తన క్రీడా జట్లకున్న క్రూసేడర్లు అనే పేరును 2000లోనే, అంటే దాడులకు ముందే, విడిచిపెట్టింది. క్యాంపస్ క్రూసేడ్ ఫర్ క్రైస్ట్ అమెరికాలో తన పేరును "క్రూ" అని కుదించుకుంటున్నట్టు ప్రకటించినది 2011లో.

జాగ్రత్త పత్రాలు

2005 అక్టోబరులో బుష్ ఒక ప్రసంగంలో కొందరు ఈ దుష్టత్వాన్ని ఇస్లామిక్ రాడికలిజం అంటారు, కొందరు మిలిటెంట్ జిహాదిజం అంటారు, మరికొందరు ఇస్లామో ఫాసిజం అంటారు అని మూడు పేర్లు వరుసగా చెప్పాడు. 2006 ఆగస్టులో, లండను నుండి బయలుదేరే విమానాలను పేల్చివేసే కుట్ర బయటపడిన రోజు, అతడు "ఇస్లామిక్ ఫాసిస్టుల"తో తమ దేశం యుద్ధంలో ఉన్నదని ప్రకటించాడు. అమెరికా ముస్లిం సంస్థలు నిరసన తెలిపాయి.

ఈ నేపథ్యంలో 2008 మొదటి నెలల్లో రెండు ప్రభుత్వ పత్రాలు తయారయ్యాయి. ఒకటి అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖలోని పౌరహక్కుల విభాగం అమెరికా ముస్లింల సలహాలతో రాసినది. మరొకటి జాతీయ ఉగ్రవాద నిరోధక కేంద్రం రాసినది. ఉగ్రవాదులను జిహాదీలు, ముజాహిదీన్‌లు అని పిలువవద్దని ఇవి చెప్పాయి. కారణం సున్నితత్వం కాదు, లెక్క. జిహాద్ అంటే మూలార్థంలో ప్రయాసపడడం, దేవుని మార్గంలో శ్రమించడం. అది ముస్లింలకు గౌరవమైన మాట. బాంబు పెట్టినవాడిని ఆ మాటతో పిలిస్తే అతడు కోరుకునే బిరుదును మనమే ఇచ్చినట్టవుతుంది. దాని బదులు ఉగ్రవాది అనండి, హింసాత్మక తీవ్రవాది అనండి అన్నారు. సలఫీ, వహాబీ, ఖిలాఫత్, ఉమ్మా వంటి వేదశాస్త్ర పదాల భిన్నార్థాలు చర్చించే సిద్ధపాటు లేనివారు వాటి జోలికి పోవద్దని కూడా హెచ్చరించారు. ఒక ప్రభుత్వ పత్రం తన అధికారులకు "ఇది మీకు తెలిసిన శాస్త్రం కాదు" అని చెప్పడం మాకు చాలా నచ్చింది.

బ్రిటన్‌లో కూడా ఇదే కాలంలో ఇటువంటి ఆలోచన సాగింది. 2007 ఏప్రిల్‌లో మంత్రి హిల్లరీ బెన్ "ఉగ్రవాదంపై యుద్ధం" అనే మాటను తమ ప్రభుత్వం వాడదని న్యూయార్కులో చెప్పాడు. 2008 జనవరిలో హోంమంత్రి జాకీ స్మిత్ ఉగ్రవాదాన్ని ఇస్లాంకు వ్యతిరేకమైన కార్యకలాపంగా వర్ణించింది. విదేశాంగ మంత్రి డేవిడ్ మిలిబాండ్ 2009 జనవరిలో ముంబయిలో, అంతకు రెండు నెలల ముందు దాడికి గురైన తాజ్ హోటల్‌లోనే నిలబడి, ఆ యుద్ధ పదం తప్పుదారి పట్టించిందని ఒప్పుకున్నాడు. వేర్వేరు గుంపులను ఒకే గాటన కట్టి వాటిని ఏకం చేయడానికే అది తోడ్పడిందని అతని వాదన.

గోల్కొండ నుండి పాట్నా వరకు

పేరును ఆయుధంగా వాడి, తరువాత అధికారికంగా ఉపసంహరించుకోవడం 21వ శతాబ్దపు వింత కాదు. మన నేల మీదనే, మన పాలకులుగా ఉన్న బ్రిటిషువారి చేతనే అది ఒకసారి జరిగింది. ఆ పదం "వహాబీ".

ఈ పేరు 18వ శతాబ్దపు అరేబియా బోధకుడు మహమ్మద్ ఇబ్న్ అబ్దుల్ వహాబ్‌ను బట్టి వచ్చింది. భారతదేశంలో రాయ్‌బరేలీకి చెందిన సయ్యద్ అహ్మద్ నడిపిన సంస్కరణోద్యమానికి అది సొంత పేరు కాదు. ఇతరులు తగిలించినది. అతడు 1831లో బాలాకోట్ వద్ద సిక్కు సైన్యంతో జరిగిన పోరాటంలో చనిపోయాడు. ఎనిమిదేండ్ల తరువాత, 1839లో, హైదరాబాదు రెసిడెంటు జనరల్ ఫ్రేజర్ "వహాబీ కుట్ర"ను కనుగొన్నట్టు ప్రకటించాడు. నిజాం నాసిరుద్దౌలా తమ్ముడు ముబారిజుద్దౌలాను గోల్కొండ కోటలో నిర్బంధించారు. 1854లో చనిపోయేవరకు అతడు అక్కడే ఉన్నాడు. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను పదవీచ్యుతుణ్ణి చేసి అతని రాజ్యాన్ని కంపెనీ తన పాలనలోకి తీసుకున్నది. ఆ ఇద్దరికీ కంపెనీపై నిజంగా ద్వేషం ఉన్నదా, ఆయుధాలు కూడబెట్టారా అన్నది వేరే చర్చ. మేము చెప్పదలచినది, ఒక మతశాఖ పేరు రాజద్రోహానికి పర్యాయపదంగా మారిన తీరును గూర్చి. గోల్కొండ కోట చూడబోయే మన విద్యార్థులకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

1857 తరువాత ఈ పేరు మరింత బరువెక్కింది. 1864లో అంబాలాలో, 1865లో పాట్నాలో వహాబీ విచారణలు జరిగాయి. 1871లో విలియం హంటర్ అనే అధికారి భారత ముస్లింలను గూర్చి ఒక పుస్తకం ప్రచురించాడు. రాణిపై తిరుగుబాటు చేయడం ముస్లింల మనస్సాక్షికి విధియా అన్నదే ఆ పుస్తకం అడిగిన ప్రశ్న. ప్రశ్న వేసిన తీరులోనే ఒక జాతి మొత్తం బోనులో నిలబడింది. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ దానికి సుదీర్ఘమైన సమాధానం రాశాడు. చివరకు 1880లలో అహలె హదీస్ వర్గపు నాయకుడు మహమ్మద్ హుసేన్ బటాల్వీ పంజాబు ప్రభుత్వానికి విజ్ఞప్తి పెట్టుకున్నాడు. తమ వర్గాన్ని అధికారిక ఉత్తర ప్రత్యుత్తరాల్లో వహాబీ అనవద్దన్నది ఆ విజ్ఞప్తి. ప్రభుత్వం అంగీకరించింది. తెల్లదొరల ప్రభుత్వం కూడా ఒక దశలో ఆ పేరు తనకు సమాచారం ఇవ్వడం మానేసిందని గ్రహించినట్టే కదా.

ఎదుటి పక్షం వాదన

మెత్తటి మాటలు నిజాన్ని దాచిపెడతాయని వాదించేవారున్నారు. ఈ వాదనను మేము తేలికగా తోసిపుచ్చలేము. 2009 నవంబరు 5న టెక్సాస్‌లోని ఫోర్ట్ హుడ్ సైనిక స్థావరంలో ఒక సైనిక వైద్యుడు 13 మందిని కాల్చి చంపాడు. అతడు యెమెన్‌లోని అల్ ఖైదా బోధకుడు అన్వర్ అల్ ఔలాకీకి ఉత్తరాలు రాసినవాడు. అయినా రక్షణ శాఖ దానిని పనిస్థలంలో జరిగిన హింస కింద పరిగణించింది. దాని ఫలితంగా యుద్ధంలో గాయపడినవారికి ఇచ్చే పర్పుల్ హార్ట్ పతకం, దానితో వచ్చే సౌకర్యాలు బాధితులకు అందలేదు. అమెరికా కాంగ్రెసు చట్టం మార్చిన తరువాత, 2015లో మాత్రమే అందాయి. ఇక్కడ జాగ్రత్త మాటకు మూల్యం చెల్లించినవారు గాయపడినవారు, విధవరాళ్ళు. 2016 జూన్‌లో ఓర్లాండో హత్యాకాండ చేసినవాడి ఫోను సంభాషణను ప్రచురించినప్పుడు ప్రభుత్వం అతడు విధేయత ప్రకటించిన సంస్థ పేరును తొలగించింది, విమర్శలు రాగా అదే రోజు పూర్తి పాఠాన్ని విడుదల చేసింది. హంతకుడు తన నోటితో చెప్పిన పేరును తీసివేయడం మర్యాద కాదు, సాక్ష్యాన్ని దిద్దడం.

దీనికంటె సూక్ష్మమైన పొరపాటు ఒకటున్నది. 2014 సెప్టెంబరు 10న అధ్యక్షుడు ఒబామా ఇరాక్, సిరియాలలో రాజ్యం స్థాపించామని చెప్పుకున్న సంస్థ ఇస్లామిక్ కాదని దేశప్రజలతో చెప్పాడు. ఉద్దేశం మంచిదే. అయితే అదే సంవత్సరం డిసెంబరులో కైరోలోని అల్ అజహర్ విశ్వవిద్యాలయం, ఆ సంస్థ క్రూరత్వాన్ని ఖండిస్తూనే, దాని సభ్యులను ముస్లింలు కారని ప్రకటించడానికి నిరాకరించింది. విశ్వాసిని అవిశ్వాసి అని ప్రకటించడాన్ని తక్‌ఫీర్ అంటారు. ఆ సంస్థ తన హత్యలన్నిటికీ సమర్థనగా చూపినది తక్‌ఫీర్‌నే. అదే ఆయుధాన్ని మేము చేపట్టము అన్నది అల్ అజహర్ పండితుల నిలకడ. వెయ్యేండ్ల విద్యాపీఠం వెనుకాడిన తీర్పును శ్వేతసౌధం ఒక ప్రసంగంలో ఇచ్చివేసింది. 2017 జనవరిలో ప్రమాణ స్వీకార ప్రసంగంలో డోనాల్డ్ ట్రంప్ "రాడికల్ ఇస్లామిక్ టెర్రరిజం" అన్నప్పుడు మారినది తీర్పే గాని, తీర్పు చెప్పే పీఠం కాదు.

ఫ్రాన్సు ప్రభుత్వం ఎంచుకున్న దారి మాకు ఇంతకంటె సబబుగా తోస్తున్నది. 2014లో విదేశాంగ మంత్రి లోరాన్ ఫాబియూస్ ఆ సంస్థను రాజ్యమని గాని ఇస్లామిక్ అని గాని అనకుండా అరబ్బులు వాడే "దాయెష్" అనే పొడి అక్షరాల పేరుతో పిలుస్తామన్నాడు. అది నిర్వచనం కాదు, గుర్తింపు చీటీ మాత్రమే. ఫలానా గుంపు, ఫలానా పని చేసింది. పూర్వపు "ఇఫ్రంజ్" అనే పేరుకు ఇది దగ్గర.

మన పేరు వచ్చినప్పుడు

2011 జూలై 22న నార్వేలో 77 మందిని చంపినవాడు తనను క్రైస్తవ యోధుడిగా, పూర్వపు టెంపుల్ క్రూసేడర్ల వారసుడిగా చెప్పుకున్నాడు. మొదటి గంటల్లో అనేకులు ఇది ముస్లింల పని అనుకున్నారు. హంతకుడు ఎవరో తెలిసిన తరువాత కొన్ని పత్రికలు "క్రైస్తవ ఉగ్రవాది" అని రాయగా అమెరికాలో, యూరపులో క్రైస్తవులు వెంటనే అభ్యంతరం చెప్పారు. అతనికి సంఘంతో సంబంధం లేదన్నారు. మేము కూడా అలాగే అనుకున్నాము. ఉత్తర ఐర్లాండులో దాదాపు మూడు దశాబ్దాల పాటు 3,500 మందికి పైగా చనిపోయిన హింసలో కూడా బ్రిటిషు ప్రభుత్వం కేథలిక్ ఉగ్రవాదం, ప్రొటెస్టంట్ ఉగ్రవాదం అనలేదు. రిపబ్లికన్లు, లాయలిస్టులు అన్నది, సంస్థల పేర్లు చెప్పింది. లండను ప్రభుత్వానికి ఆ వివేచన 2001 కంటె చాలా ముందే ఉన్నది. అది ఎవరి విషయంలో ఉన్నదో గమనించాలి. మన దేశంలో 2010 ఆగస్టులో హోంమంత్రి చిదంబరం పోలీసు అధికారుల సభలో "కాషాయ ఉగ్రవాదం" అన్నప్పుడు హిందువులు నొచ్చుకున్నది, అతని పార్టీయే ఉగ్రవాదానికి రంగు లేదని చెప్పవలసి వచ్చినది కూడా ఈ వరుసలోనిదే. 2021లో ఆస్ట్రేలియా గూఢచారి సంస్థ అధిపతి ఇస్లామిక్ తీవ్రవాదం, రైటు వింగు తీవ్రవాదం అనే పేర్లను వదలి మతప్రేరిత, భావజాల ప్రేరిత హింసాత్మక తీవ్రవాదం అనే రెండు పేర్లకు మారుతున్నట్టు ప్రకటించాడు.

పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యాన్ని నిషేధించే ఆజ్ఞను మనం సాధారణంగా గుసగుసలకు, కొండెములకు అన్వయించి ప్రసంగిస్తాము. దాని పుట్టుక న్యాయస్థానంలో, పట్టణ గవిని దగ్గర. ఒక మనిషిని గూర్చి చెప్పిన మాట అతని ప్రాణం తీయగలిగే చోట పుట్టిన ఆజ్ఞ అది. అందుకే మా చివరి ఉదాహరణ కూడా న్యాయస్థానానిదే, అది మన నగరానిది.

2007 మే 18, శుక్రవారం. హైదరాబాదు మక్కా మస్జిద్‌లో మధ్యాహ్న ప్రార్థన వేళ బాంబు పేలి 9 మంది చనిపోయారు. తరువాత జరిగిన పోలీసు కాల్పుల్లో మరో 5 మంది చనిపోయారు. చనిపోయినది నమాజుకు వచ్చినవారే అయినా, అనుమానంలో వినిపించిన పేరు హర్కతుల్ జిహాద్ అల్ ఇస్లామీ. పాతబస్తీ యువకులను అనేకులను పట్టుకెళ్ళారు. ఆ తరువాతి ఆదివారాల్లో మన సంఘాల్లో చేసిన విజ్ఞాపన ప్రార్థనల్లో "ముస్లిం ఉగ్రవాదుల" నుండి నగరాన్ని కాపాడమని దేవుణ్ణి వేడుకున్నవారిలో మాలో కొందరము ఉన్నాము. పోలీసుల మాటను పరీక్షించకుండా దేవుని సన్నిధికి మోసుకుపోయాము. అదుపులోకి తీసుకున్న యువకులపై మోపిన కేసులు నిలువలేదు. 2010 నాటికి దర్యాప్తు మరొక దిక్కుకు తిరిగి, హిందూ సంస్థలతో సంబంధం ఉన్నవారిని నిందితులుగా చూపింది. 2012లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ముస్లిం యువకులకు నష్టపరిహారం, వారి నడవడి మంచిదని ధ్రువపత్రాలు ఇచ్చింది. ఒక ప్రభుత్వం తాను పెట్టిన పేరును కాగితం మీద వెనక్కు తీసుకోవడమంటే అదే. నష్టపరిహారాన్ని 2013లో హైకోర్టు కొట్టివేసింది. 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక న్యాయస్థానం రెండవసారి నిందితులుగా నిలబెట్టిన వారిలో విచారణ ఎదుర్కొన్న అయిదుగురినీ నిర్దోషులుగా విడుదల చేసింది. ఆ శుక్రవారం బాంబు పెట్టినదెవరో ఆ తీర్పుతో కూడా తేలలేదు.